ఎర్ర లాగు, నల్ల లాగు

ఆ వానాకాలమంతా మా మామ ప్రతి సోమవారం ఊరికి బయలుదేరేవాడు. ప్రతి సోమవారం ఆగిపోయేవాడు.

బయలుదేరడం అంటే ఉత్తమాట కాదు. ఆదివారం సాయంత్రమే రెండు పంచెలు ఉతికి ఆరేసేవాడు. రేకు పెట్టె తుడిచి గోడవార నిలబెట్టేవాడు. తెల్లారి నేను స్కూలుకు వెళ్ళడానికి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే గొంతు సవరించుకునేవాడు.

"అనసూయా, వచ్చే ఆదివారం ఆ మెక్సికో పిల్లోడు మళ్ళా దిగుతాడంట కదా?"

"దిగుతాడంట మామా."

"అది చూసుకోని పోతానులే. మళ్ళా నన్ను ఆపొద్దు."

"ఆపను మామా."

నేనెప్పుడూ ఆపలేదు. ఆపుతున్నది టీవీలో వచ్చే బాక్సింగు.

పందొమ్మిది వందల తొంభై ఎనిమిది అది. కొత్తగూడలో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. అటు మాదాపూర్ గుట్టల మీద గుండ్రటి పెద్ద భవనం లేస్తోంది. మధ్యాహ్నం బండలు పేల్చే ముందు ఈల వేసేవాళ్ళు. ఈల వినబడగానే మామ లేచి వెళ్ళి గూట్లోని గాజు గ్లాసులు పట్టుకుని నిలబడేవాడు. పేలుడు అయిపోయాక వదిలేసి వచ్చి కూర్చునేవాడు. మా ఆయన నారాయణప్ప సర్వేయరు. ఆ గుట్టల్ని గొలుసు పట్టి కొలిచినవాళ్ళలో ఒకడు. మార్చి నెలలో పోయాడు. నలభై మూడేళ్ళు. ఆ సంగతి ఇంతకన్నా రాయను.

మామ పేరు తిమ్మప్ప. డెబ్బై రెండేళ్ళు. హిందూపురంలో ఆయన తమ్ముడి కొడుకు ప్రశాంత్ ఉన్నాడు. మంచివాడు. పెదనాన్న కోసం ఒక గది సున్నం వేయించి పెట్టానని ఉత్తరం రాశాడు. "కొడుకు లేని ఇంట్లో మామ కూర్చోని తింటా ఉంటే ఏం బాగుంటాదమ్మా" అనేవాడు మామ. ఆయన పోతే ఆ రెండు గదుల్లో నేనొక్కదాన్నే మిగులుతాను. ఉండమని అడగవచ్చు. అడిగితే నా మీది జాలితో ఉంటాడు, మాట కాదనలేక ఉంటాడు. అట్లా కాకుండా, తనకే ఉండాలనిపించి ఉండాలని నా ఆశ. ఆ ఆశను వారం వారం సాగదీసి పెడుతున్నది ఆ ఆటల ఛానల్.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బాక్సింగు వచ్చేది. అమెరికాలో అప్పుడు శనివారం రాత్రట. మా సందు మొత్తానికి రంగుల టీవీ, కేబుల్ మా ఇంట్లోనే ఉండేవి. అందుకని తొమ్మిదయ్యేసరికి గదిలో పది, పదకొండు మంది చేరేవాళ్ళు. ఆ భవనం దగ్గర సిమెంటు గోదాముకు కాపలా ఉండే యాదయ్య, చౌరస్తాలో మిరపకాయ బజ్జీలు వేసే అతని భార్య ఈరమ్మ, డిష్ నడిపే మొగిలి, బండలు కొట్టేవాళ్ళు కొందరు. యాదయ్యది పాలమూరు, మొగిలిది వరంగల్లు దిక్కు. ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. అందుకని నారాయణప్ప ఒక పద్ధతి పెట్టాడు. టీవీ గొంతు పూర్తిగా తగ్గించేసి, టీవీ పక్కన నిలబడి, తనే తెలుగులో చెప్పేవాడు.

నేను వంటింట్లో ఉండి వినేదాన్ని. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు తక్కువ. చెప్పేదంతా కల్పన. ఆటగాళ్ళ పేర్లు నోరు తిరగవు కాబట్టి ఎర్ర లాగు, నల్ల లాగు అనేవాడు. "ఎర్ర లాగుకు ముగ్గురు చెల్లెళ్ళు. పెద్దదానికి నిన్ననే కాన్పయింది. మేనమామ గెలిచి రావాలని బారసాల ఆపుకున్నారు" అనేవాడు. గది మొత్తం ఎర్ర లాగు వైపు అయిపోయేది. రెండో రౌండులో నల్ల లాగుకు ఒక గుడ్డి తల్లిని ఇచ్చేవాడు. ఈరమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది.

ఏప్రిల్ ఆఖరులో మళ్ళీ అందరూ వచ్చారు. ఎవరూ పిలవలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, గోడలకు ఆనుకుని కూర్చున్నారు. మామ మంచం మీద ఉన్నాడు. నలభై రోజులుగా ఆయన "ఊఁ", "వద్దు" తప్ప వేరే మాట అనలేదు. మొగిలి టీవీ పెట్టాడు. ఎప్పటిలాగే గొంతు తగ్గించాడు. తగ్గించాక గాని అతనికి గుర్తురాలేదు. బిక్కమొహం వేసుకుని నా వైపు చూశాడు.

నేను లేచి టీవీ పక్కన నిలబడ్డాను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు చెప్పేదాన్ని నేను. ఉన్నదానికి ఒక్క మాట కలిపి రాసినా పిల్లలకు మార్కు తగ్గించేదాన్ని. అలాగే మొదలుపెట్టాను. "ఎర్ర లాగు ఎడమ చేత్తో కొట్టాడు. నల్ల లాగు తప్పుకున్నాడు. ఎర్ర లాగు మళ్ళీ ఎడమ చేత్తో కొట్టాడు."

కాసేపు విని ఈరమ్మ అంది. "అది మాకూ కనవడుతుంది కదా టీచరమ్మా."

"మరేం చెప్పను?"

"కనవడనిది చెప్పు."

తెర వైపు చూశాను. ఎర్ర లాగు కనుబొమ చిట్లి రక్తం కారుతోంది. నా ప్రమేయం లేకుండానే మాట వచ్చింది. "ఎర్ర లాగు వాళ్ళమ్మ ఇంట్లో టీవీ ముందు కూర్చుంది. చూడలేక కళ్ళు మూసుకుంది."

"అగో, గదీ!" అంది ఈరమ్మ.

మంచం మీద నుంచి మామ అన్నాడు. "కండ్లు మూసుకుంటే ఎట్లా? లేసి అన్నం వండమను. గెలిచి వచ్చినోడికి ఆకలయితాది."

నలభై రోజుల తర్వాత అది ఆయన మొదటి మాట. ఆమె లేచి బియ్యం కడుగుతోందని చెప్పాను.

అప్పటినుంచి ఆదివారాలు నాకే వచ్చాయి. మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత తర్వాత శనివారం రాత్రి పడుకునే ముందే, ఎర్ర లాగుకు ఏం కష్టం పెట్టాలా అని ఆలోచించుకోవడం అలవాటయింది. ఒకసారి నల్ల లాగును బడిపంతులు కొడుకుని చేశాను. "గందుకే లెక్క పెట్టి కొడుతుండు" అన్నాడు యాదయ్య.

ఆటలో వాళ్ళకు ఎంతకీ మింగుడు పడనిది మార్కుల లెక్క. రౌండులో గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది ఇస్తారని నేను చెప్పినప్పుడు యాదయ్య ఒప్పుకోలేదు.

"పదికి తొమ్మిదొస్తే ఓడినట్టా? మా భవాని పదికి నాలుగు తెచ్చుకుంటే ఇంట్ల పాశం వండుకున్నం!"

"నీ బిడ్డకు వచ్చింది నాలుగు గాదు, మూడున్నర. టీచరమ్మ దయదలిచి అర్ధ కలిపింది" అన్నాడు మొగిలి.

"నీకేం తెలుసురా? నువ్వు బడి గోడ దూకుడే తప్ప బడి మెట్లెక్కినవా?"

"ఇద్దరూ నోర్లు మూయండప్పా, గంట కొట్టినాడు" అనేవాడు మామ. అలా కసురుకునేటప్పుడు ఆయన గొంతు అచ్చం కొడుకు గొంతులా ఉండేది.

జూలై నెల మధ్యలో ఒక ఆదివారం, నాలుగో రౌండు జరుగుతుంటే, తెర అడుగున అక్షరాల వరుస ఒకటి పాకింది. పంతొమ్మిదేళ్ళుగా నడుస్తున్న ఈ కార్యక్రమం ఆగస్టు ఆఖరి వారంతో ముగుస్తుంది, ఇన్నాళ్ళు చూసినందుకు ధన్యవాదాలు. అంతే.

"కింద ఏందో రాసిండ్రు టీచరమ్మా?" అన్నాడు యాదయ్య.

"వచ్చే వారం పోటీ గురించి. చాలా పెద్ద పోటీ అట" అన్నాను.

"అట్లనా?" అన్నాడు మామ. "అయితే అది చూసుకోని పోతా."

అప్పటిదాకా నేను కల్పించిన తల్లులు, చెల్లెళ్ళు వేరు. ఇది వేరు. ఆ తేడా నాకు తెలుసు. సోమవారం క్లాసులో నల్లబల్ల మీద తేదీ వేసి, చాక్‌పీసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆరు వారాలు ఉన్నాయి. ఆ తర్వాత వచ్చే ఆదివారానికి మామకు పని లేదు.

సాయంత్రం మొగిలిని చౌరస్తాలో పట్టుకున్నాను. స్తంభం మీద ఉన్నాడు.

"మొగిలీ, బాక్సింగు వేరే ఛానల్‌లో ఎక్కడైనా వస్తుందా?"

"ఎందుకు టీచరమ్మా? మనకు వస్తనే ఉంది గదా."

చెప్పాను. అతను వైరు పట్టుకునే కిందికి దిగాడు. "తాత పోతడా అయితే?"

"ఎవరికీ చెప్పకు."

"నా నోట్లకెంచి ఒక్క మాట బైటికొస్తే అడుగుండ్రి."

బుధవారానికల్లా యాదయ్యకు తెలిసింది. గురువారం ఈరమ్మ బజ్జీల పొట్లం నా చేతిలో పెడుతూ "ఫికర్ చెయ్యకు టీచరమ్మా, మేం చెప్పంలే" అంది. శుక్రవారానికి బండలు కొట్టేవాళ్ళకు కూడా తెలిసిపోయింది. తెలియనిది మామ ఒక్కడికే.

ఆ ఆదివారం అక్షరాల వరుస పాకడం మొదలవగానే మొగిలి లేచి వెళ్ళి, తెర అడుగు భాగం కనబడకుండా టీవీకి వీపు ఆనించి నిలబడ్డాడు. యాదయ్య గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు. ఈరమ్మ "తాతా, ఊర్ల వానలెట్లున్నయి?" అని అడిగింది.

"మొగిలీ, నువ్వు అడ్డం తొలగుతావా లేదా? కాళ్ళు కనపడల్య. కాళ్ళు చూస్తేనే కదా వాడు పడేదీ లేసేదీ తెలిసేది!" అని అరిచాడు మామ.

అందరూ వెళ్ళాక మొగిలిని వాకిట్లో ఆపాను. "మామకు ఇంగ్లీషు రాదు కదా మొగిలీ. నువ్వెందుకు అడ్డం నిలబడ్డావు?"

అతను తల గోక్కున్నాడు. "ఏమో టీచరమ్మా. ఇన్ని రోజుల నుంచి సూస్తుండు. నేర్చిండేమోనని."

నేను నవ్వాను. పెద్దగానే నవ్వాను. లోపల మామ "ఏమయ్యింది?" అని అడగడం వినబడింది. ఆ నవ్వు నా చెవులకే కొత్తగా ఉంది.

నాలుగు ఆదివారాలు అలాగే గడిచాయి. ప్రతిసారీ ఒకరు అడ్డం నిలబడేవాళ్ళు. వంతులు వేసుకున్నారని తర్వాత తెలిసింది. ఆఖరుకు ముందు ఆదివారం ఈరమ్మ వంతు. ఆమె తెర కింద చీర కొంగు ఆరేసినట్టు పట్టుకుని నిలబడింది. అయితే ఆ రోజు తెర మీదికి అక్షరాలు రాలేదు. మనుషులు వచ్చారు.

రింగు పక్కన కూర్చుని ఆట వర్ణించే ఇద్దరు పెద్దవాళ్ళున్నారు. వాళ్ళు మా వాళ్ళందరికీ తెలుసు. ఒకాయన బట్టతల, ఇంకొకాయనకు తెల్ల మీసాలు. ఆట అయిపోయాక బట్టతలాయన మైకు పట్టుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. మీసాలాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన మళ్ళీ నోరు తెరిచాడు, మాట రాలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆయన యాల ఏడుస్తా ఉండాడు?" అన్నాడు మామ.

గదిలో అందరూ ఒకేసారి మాట్లాడారు.

"పండ్లు నొస్తున్నయేమో తాతా" అన్నాడు యాదయ్య.

"లైట్లెక్కువున్నయి గదా, కండ్లమ్మట నీళ్ళొస్తయి" అన్నాడు మొగిలి.

ఈరమ్మకు ఏమీ తోచక, "ఉల్లిగడ్డ కోసిండేమో" అంది.

"ఈరమ్మా, సూటు వేసుకోని ఉల్లిగడ్డ ఎవడైనా కోస్తాడా?" అన్నాడు మామ. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఏమంటా ఉండాడు?"

ఆ బట్టతలాయన ముఖం చూసి నాకు కల్పించాలనిపించలేదు.

"వచ్చే వారంతో ఆపేస్తున్నారట మామా. బాక్సింగ్ ఇంక రాదు. పంతొమ్మిదేళ్ళ నుంచి ఆయనే చెబుతూ ఉంటాడు."

ఈరమ్మ కొంగు వదిలేసింది. మొగిలి నేల వైపు చూస్తున్నాడు. మామ కొంచెంసేపు ఆ బట్టతలాయన్నే చూశాడు.

"ఎందుకు ఆపేది?"

"చూసేవాళ్ళు తగ్గిపోయి ఉంటారు మామా."

మామ గది చుట్టూ చూశాడు. వేలితో ఒక్కొక్కరినీ చూపుతూ లెక్కపెట్టాడు. "ఈడ పదకొండు మందిమి ఉండామే. మనం చూసేది వాళ్ళకెవురన్నా చెప్పినారా?"

ఎవరూ చెప్పలేదని అప్పుడే అందరికీ తట్టింది.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం తయారయింది. మామ మంచం మీద కూర్చుని చెప్పాడు, నేను రాశాను, మధ్యలో అందరూ చెయ్యి పెట్టారు. "మేము పదకొండు మందిమి వారం తప్పకుండా చూస్తా ఉండాము" అన్నాడు మామ. "పన్నెండు రాయిండ్రి. నా బామ్మర్ది వచ్చే వారం వస్తుండు" అన్నాడు యాదయ్య. "పదికి తొమ్మిది ఇచ్చి ఓడగొట్టుడు జర మానుకోమని రాయి" అన్నాడు ఇంకొకాయన. "ఆ బట్టతల పెద్దమనిషిని ఏడిపియ్యొద్దని రాయి" అంది ఈరమ్మ. అన్నీ ఇంగ్లీషులో రాశాను. ఒక్కటి కూడా మార్చలేదు.

పోస్టులో వేస్తే పదిహేను రోజులు. యాదయ్య కాపలా ఉండే చోట ఆఫీసు షెడ్డులో కంప్యూటర్ వచ్చిందట. అందులో నుంచి ఉత్తరం నిమిషంలో అమెరికా పోతుందట. సోమవారం స్కూలు వదిలాక నేను, మామ, యాదయ్య బురదలో నడుచుకుంటూ అక్కడికి పోయాం. హేమంత్ అని కర్నూలు కుర్రవాడు, ఇంజనీరు, ఉత్తరం చదివి నవ్వు ఆపుకుంటూ టైపు చేశాడు. ఫోను వైరులో నుంచి కీచుమని, గరగరమని చప్పుళ్ళు వచ్చాయి. "కోడిని పట్టినట్టుంది" అన్నాడు మామ. ఉత్తరం పోయింది.

మేము గడప దాటకముందే హేమంత్ పిలిచాడు. "పెద్దాయనా, జవాబొచ్చింది!"

కాగితం మీద అచ్చుకొట్టి ఇచ్చాడు. మీ ఉత్తరం అందింది, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది, ప్రేక్షకులే మా బలం అని ఉంది. నేను రెండుసార్లు చదివి వినిపించాను. యాదయ్య నమ్మలేకపోయాడు. "రెండు నిమిషాల్ల! మా మండలాఫీసుల పిటీషన్ ఇస్తే రెండేండ్లాయె, ఇంకా అందిందనే అంటలేరు!" ఆ దారంతా మామ ఆ కాగితాన్ని చొక్కా లోపల, వానకు తడవకుండా పెట్టుకుని నడిచాడు. అటువంటి జవాబులు రాసేది మనిషి కాదని, ఎవరు ఏం రాసినా అదే వస్తుందని తర్వాత ఎన్నో ఏళ్ళకు గాని నాకు తెలియలేదు. ఆ సాయంత్రం మాత్రం మేం గెలిచామనే అనుకున్నాం. ఈరమ్మ అందరికీ ఊరికే బజ్జీలు పెట్టింది.

వినాయక చవితి దాటిన ఆదివారం, ఆఖరిది. మొగిలి పొద్దున్నే వచ్చి వైరు పొడుగు చేసి టీవీని వాకిట్లో అరుగు మీదికి మార్చాడు. పదకొండు మంది కాదు, యాభై మంది వచ్చారు. బండలు కొట్టేవాళ్ళు, సెంట్రింగు కొట్టేవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఎదురింటి సుబ్బలక్ష్మి గారు. ఆవిడ కాకినాడ మనిషి. బాక్సింగంటే అసహ్యం. "ఊరికే చూసిపోదామనొచ్చానండి" అని ముందు వరసలో కుర్చీ వేయించుకుంది.

ఎర్ర లాగుకు ముప్పై ఎనిమిదేళ్ళు. నల్ల లాగుకు ఇరవై రెండు. ఆ రెండు వయసులూ తెర మీద ఉన్నవే, నేను కల్పించినవి కావు. మిగతాదంతా నాదే. ఎర్ర లాగు ఇది అయ్యాక ఆట మానేసి ఊళ్ళో బోరు వేయించుకుంటాడని చెప్పాను. "ఎన్ని ఫీట్లకు పడతాయంట నీళ్ళు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "నాలుగు వందలు" అన్నాను. "అబ్బో" అన్నారు.

ఏడో రౌండులో ఎర్ర లాగు పడిపోయాడు. పక్కకు ఒరిగి, మోచేతి మీద ఆనుకుని ఉన్నాడు. రిఫరీ వేళ్ళు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. నేను "ఒకటి" అన్నాను. వాకిలి మొత్తం అందుకుంది. "రెండు! మూడు!"

"మెల్లగ! మెల్లగ లెక్కపెట్టుండ్రయ్యా!" అని ఈరమ్మ అందరి మీదా అరిచింది. "వాడు లేవొద్దా?"

యాభై మంది ఒక్కసారిగా నెమ్మదించారు. "నా...లు...గు." రిఫరీ తన దారిన తాను పోతున్నాడు. మేం మా దారిన. "లెయ్ నాయనా" అన్నాడు మామ. అరవలేదు. నిద్ర లేపినట్టు అన్నాడు. "లెయ్. పొద్దెక్కింది." మేం ఆరు దగ్గర ఉండగా ఎర్ర లాగు లేచి నిలబడ్డాడు. సుబ్బలక్ష్మి గారు కుర్చీ పడేసి లేచి, "వేసెయ్యి వాణ్ణి!" అని కేక పెట్టి, వెంటనే నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ నవ్వుల్లో తర్వాతి రౌండు ఎవరూ చూడలేదు.

పన్నెండు రౌండ్లూ నిలబడి, ఆఖరుకు రెండు మార్కులతో ఓడిపోయాడు. యాదయ్య జడ్జీలను పాలమూరు భాషలో తిట్టాడు. తెర మీద బట్టతలాయన, మీసాలాయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మామ లేచి నిలబడి, తెరకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "పోయి రాండి" అన్నాడు.

సాయంత్రం రెండు పంచెలు ఉతికి ఆరేశాడు.

సోమవారం ఏమీ అనలేదు. మంగళవారం ప్రయాణం వద్దన్నాడు. గురువారం దక్షిణం దిక్కుకు వారశూల. శుక్రవారం రాత్రి అన్నం తింటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఆదివారం పోతానమ్మా. ఇప్పుడు ఆదివారం పొద్దున పనేముండాది?"

"సరే మామా" అన్నాను. మజ్జిగ వడ్డించాను.

ఆదివారం తొమ్మిదికి అంతా వచ్చారు. మామను సాగనంపడానికే వచ్చారు. బస్సు పన్నెండింటికి ఇమ్లీబన్‌లో. పదింటికి ఆటో వస్తుంది. యాదయ్య పెట్టె తీసి వాకిలి దగ్గర పెడితే, మామ దాని మీదే కూర్చున్నాడు, పైపంచె సర్దుకుని. ఈరమ్మ దారిలో తినమని బజ్జీలు కట్టి తెచ్చింది. మొగిలికి చేతులు ఖాళీగా ఉంటే తోచదు. లేచి టీవీ పెట్టాడు. గొంతు తగ్గించాడు.

పెద్ద చెరువు. చుట్టూ కొండలు. మధ్యలో ఒక పడవ. పడవలో ఒక ముసలాయన, కొంచెం దూరంగా ఒక నడివయసు ఆవిడ, చేతుల్లో గాలాలు. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. చాలాసేపటికి ముసలాయన గాలం లాగితే మూరెడు చేప వచ్చింది. దాన్ని రెండు చేతులతో ఎత్తి చూపించి, ముద్దుపెట్టుకుని, మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాడు.

"ఓరి వీని!" అన్నాడు యాదయ్య. "పట్టి ఇడిసిపెట్టుడేంది?"

"రెండు కిలోలుంటది. పులుసు వెడితే ఇరవై మంది తింటుండె" అంది ఈరమ్మ. "ఏమాయె టీచరమ్మా వానికి? మొక్కు గిట్ల ఉందా?"

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచి టీవీ పక్కకు వెళ్ళాను. నీళ్ళను చూస్తూ నిలబడ్డాను.

వెనక నుంచి మామ గొంతు వినబడింది.

"ఆ ముసలోడు ఉండాడే, వాడు మామ. ఆయమ్మ కోడలు."

మామ పెట్టె మీదే కొంచెం ముందుకు వంగాడు.

"ఊర్లో వానికి గది కట్టి పెట్టినారు. పోవాలనే ఉండాడు. అయితే ఆయమ్మకు చేపలు పట్టేది రాదు. చూడండి, ఆ కట్టె ఎట్ల పట్టుకోనుండాదో. పొరక పట్టుకున్నట్ల. చదువుకునిందంట, ఏం లాభం? దీనికి నేర్పిచ్చి పోదామని ముసలోడు ఆగినాడు."

"మరి పట్టింది ఇడిసిపెట్టిండేంది తాతా?" అన్నాడు మొగిలి.

"తొందరగా నేర్చుకునేస్తే పోవాల్సి వస్తాది కదప్పా."

ఈరమ్మ నా ముఖం చూసి, చటుక్కున తెర వైపు తిరిగింది. "అయితే ఆమెకు ఒక్కటన్నా వడ్తదా తాతా?"

"పడతాది. తొందరేముంది?"

నేను టీవీ పక్క నుంచి వచ్చి, గోడకు ఆనుకుని యాదయ్య పక్కన నేల మీద కూర్చున్నాను. ఆదివారం పొద్దున నేను అందరితోపాటు కూర్చుని వినడం అదే మొదటిసారి. అంతకుముందు వంటింట్లో నుంచే విన్నాను. తెర మీద ఆవిడ గాలం కొద్దిగా వంగింది. ఆవిడ ముసలాయన వైపు చూసింది. బయట ఆటో వచ్చి ఆగింది. హారన్ మోగింది. యాదయ్య లేవబోయాడు.

మామ వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తాడు.

"ఉష్. ఎవురూ కదలాకండి. చేప బెదురుతాది."

మేమెవరమూ కదలలేదు. ఇంకో రెండుసార్లు హారన్ కొట్టి, ఆటో అతను ఇంజను ఆపేశాడు. లోపలికి తొంగి చూసి, చెప్పులు విడిచి, మొగిలి పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు.

"ఏమైతుందన్నా?" అని గుసగుసగా అడిగాడు.